షుగర్ ఉన్నవారిలో లోపలి వాపు, రక్తనాళాల రక్షణ: శ్రీకాకుళం, విజయనగరం వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

షుగర్ ఉన్నవారు ఆసుపత్రికి రాగానే బల్ల మీద పెట్టే కాగితంలో రెండే అంకెలు ఉంటాయి: పరగడుపున ఎంత, తిన్నాక ఎంత. ఆ రెండూ బాగుంటే కుర్చీలోంచి లేచిపోతారు. కానీ మధుమేహం మనిషిని దెబ్బ తీసేది ఎక్కువగా రక్తనాళాల దారిలోనే. గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం, చూపు మందగించడం, కాలు తీసేయాల్సి రావడం, అన్నిటి వెనకా ఉన్నవి అవే. అందుకే ఈ పేజీలో షుగర్ అంకెల గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ చెప్పాను. ఇవి టైప్ 2 మధుమేహం ఉన్న పెద్దవారి కోసం రాసినవి. గర్భిణులకు, టైప్ 1 ఉన్న పిల్లలకు లెక్కలు వేరు. ఏ మందైనా మొదలుపెట్టడం, ఆపడం మీ వైద్యుడితో మాట్లాడాకే చేయండి.

షుగర్ ఎక్కువైతే రక్తనాళాలకు ఏమవుతుంది?

చాలామంది రక్తనాళాన్ని నీళ్ళ పైపు అనుకుంటారు. లోపల కొవ్వు పేరుకుంటే బ్లాక్, ఊడ్చేస్తే బాగు అని లెక్క. పైపు గోడకు ప్రాణం లేదు, రక్తనాళం గోడకు ఉంది. లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న పొరను ఎండోథీలియం అంటారు. అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేస్తూ ఉంటుంది. నాళం అవసరానికి తగ్గట్టు వ్యాకోచించడం, రక్తం ఊరికే గడ్డకట్టకపోవడం, తెల్ల రక్తకణాలు గోడకు అతుక్కోకపోవడం ఈ వాయువు చలవే. ఆ సంగతి తేల్చినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రక్తంలో షుగర్ పెరిగినప్పుడు కండరాల కణాలు కొంతవరకు తలుపు వేసుకోగలవు. ఈ పొర కణాలకు ఆ వెసులుబాటు లేదు. బయట ఎంత గ్లూకోజ్ ఉంటే లోపలికి అంత వచ్చేస్తుంది. దాంతో కణం లోపల హానికరమైన ఆక్సిజన్ అణువులు పుట్టుకొస్తాయి, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, గోడ జిగటగా మారుతుంది. తెల్లకణాలు వచ్చి అతుక్కుంటాయి. చెడు కొలెస్ట్రాల్ గోడలోకి చొరబడుతుంది. దాన్ని మింగిన తెల్లకణాలు అక్కడే నురగలా ఉబ్బి ఉండిపోతాయి. అంటే కొవ్వు గడ్డ నాళం లోపల పైపైన అంటుకున్న మడ్డి కాదు, గోడలోనే పెరిగిన పుండు. ఆ పుండు మీది పలచటి పొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. గుండెలో అయితే గుండెపోటు, మెదడులో అయితే పక్షవాతం. సగం కూడా మూసుకోని నాళంలోనూ ఇలా జరగవచ్చు. "మొన్నే పరీక్ష చేయించాం, బ్లాక్ పెద్దగా లేదన్నారు" అని కుటుంబం వాపోవడం ఇందువల్లే.

నాకు ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు, వాపు లేదు. మరి లోపల వాపు ఉందంటారేమిటి?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఎర్రబడి, వాచి, సలుపుతుంది. పని అయిపోగానే తగ్గిపోతుంది. షుగర్ ఉన్నవారిలో ఉండేది అలాంటిది కాదు. చాలా తక్కువ స్థాయిలో, ఏళ్ళ తరబడి ఆరకుండా రగులుతూ ఉండే ఇన్‌ఫ్లమేషన్ అది. బయటికి ఏమీ తెలియదు.

దీనికి పెద్ద ఊట పొట్ట లోపలి కొవ్వు. చర్మం కింద చేతికి దొరికే కొవ్వు కాదు, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ చేరేది. అది ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలను రక్తంలోకి వదులుతుంది. ఇవి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, నాళాల గోడలను రెచ్చగొడతాయి. మన దగ్గర సన్నటి కాళ్ళూ చేతులూ, ముందుకు వచ్చిన పొట్ట ఉన్న మనుషులు ఎందరో. బరువు చూస్తే 62 కిలోలే కాబట్టి తమకేమీ లేదనుకుంటారు. బొడ్డు దగ్గర టేపు పెట్టి చూసుకోండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే భారతీయుల లెక్కలో ఎక్కువే. పంచె, చీర కట్టుకునేవారికి నడుము సైజు పెరగడం ప్యాంటు వేసుకునేవారికి తెలిసినట్టు తెలియదు, అందుకే టేపు అవసరం.

సీఆర్‌పీ పరీక్ష చేయించుకోవాలా?

అందరికీ అక్కర్లేదు. ఒంట్లో వాపు ఎంతుందో రక్తంలో చూపే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అనే పరీక్షలో 1 లోపు ఉంటే గుండె ముప్పు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని లెక్కేస్తారు. జ్వరం, దగ్గు, సెగ్గడ్డ, పంటి చీము ఉన్నప్పుడు చేయిస్తే అది 10 దాటి పోతుంది, ఆ అంకెకు గుండెతో సంబంధం ఉండదు. డబ్బు ఒక్క పరీక్షకే ఉంటే మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చేయించండి. 30 లోపు మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే కిడ్నీలోని సన్న నాళాలు కారుతున్నాయని అర్థం. అంటే గుండె నాళాల మీదా ఓ కన్నేయాలి. నా దృష్టిలో షుగర్ ఉన్నవారికి ఇంతకన్నా విలువైన చవక పరీక్ష లేదు, ఇంతకన్నా ఎక్కువగా మర్చిపోయే పరీక్షా లేదు.

నా మూడు నెలల షుగర్ 6.8 వచ్చింది. ఇక రక్తనాళాలకు భయం లేనట్టేనా?

సంతోషించండి, కానీ అక్కడే ఆగకండి. బ్రిటన్‌లో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యూకేపీడీఎస్ అధ్యయనం ఈ విషయాన్ని బాగా చూపించింది. షుగర్‌ను గట్టిగా అదుపులో పెట్టినవారిలో కన్ను, కిడ్నీల సన్న నాళాల దెబ్బలు 25 శాతం తగ్గాయి. అదే అధ్యయనంలో రక్తపోటును సగటున 154/87 దగ్గర కాకుండా 144/82 దగ్గర ఉంచినవారిలో పక్షవాతం 44 శాతం తగ్గింది. బీపీలో పది పాయింట్ల తేడా చేసిన పని అది.

ఇంకో వైపు, షుగర్‌ను మరీ కిందికి, 6 లోపుకు తోసేయాలని అమెరికాలో చేసిన అకార్డ్ ప్రయోగంలో మరణాలు పెరిగాయి. 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. కాబట్టి చాలామందికి 7 చుట్టుపక్కల చాలు. వయసు పైబడినవారికి, తరచూ షుగర్ పడిపోయేవారికి ఇంకా కాస్త ఎక్కువైనా వైద్యులు ఒప్పుకుంటారు.

అన్నిటినీ ఒకేసారి పట్టుకుంటే ఏమవుతుందో డెన్మార్క్‌లోని స్టెనో-2 అధ్యయనం చెప్పింది. మూత్రంలో అల్బుమిన్ పోతున్న 160 మంది షుగర్ రోగుల్లో సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, తిండి, నడక, పొగ మానడం అన్నీ కలిపి ఇచ్చారు. సుమారు ఎనిమిదేళ్ళలో రెండో గుంపులో గుండె, రక్తనాళాల జబ్బులు సగానికి సగం తగ్గాయి. 21 ఏళ్ళ తర్వాత చూస్తే వాళ్ళు దాదాపు ఎనిమిదేళ్ళు ఎక్కువ బతికారు. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు.

సామాన్యంగా పెట్టుకునే గురి: బీపీ 130/80 లోపు, చెడు కొలెస్ట్రాల్ 70 లోపు. ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికి, స్టెంట్ పడినవారికి 55 లోపు.

చోడి అంబలి తాగితే షుగర్ తగ్గుతుందని అందరూ అంటారు. నిజమేనా?

ఈ ప్రశ్న మన రెండు జిల్లాల్లో అడిగినంతగా ఇంకెక్కడా అడగరేమో. చోళ్ళు, అంటే రాగులు, మంచి గింజలు, అందులో సందేహం లేదు. వంద గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ పట్టిన బియ్యంలో ఇవి నామమాత్రం. కానీ పిండిపదార్థం చోళ్ళలోనూ 70 గ్రాములకు అటూ ఇటూగా ఉంది, బియ్యంలో 78. తేడా అంతే.

మెత్తగా మరపట్టిన పిండిని నీళ్ళలో బాగా ఉడికించి పలచగా తాగితే అది అన్నంకన్నా వేగంగా షుగర్‌ను పెంచవచ్చు. నమలాల్సిన పని లేదు, కడుపులో నిలవదు, జర్రున దిగిపోతుంది. దాంట్లో బెల్లం ముక్క వేసుకుని, "రాగి మంచిదన్నారు కదా" అని రెండు గ్లాసులు తాగి, గంట తర్వాత అన్నం తింటే లెక్క ఎక్కడికి పోతుంది?

అంబలి మానక్కర్లేదు. చిన్న గ్లాసు, మజ్జిగ ఎక్కువ కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని, అన్నానికి బదులుగా తాగండి, అన్నంతో పాటు కాదు. దానికన్నా చోడి రొట్టెగానో, పిండి బరకగా ఉండే సంకటిగానో పప్పుతో, ఆకుకూరతో తింటే ఇంకా మేలు. తిన్న రెండు గంటలకు ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకోండి. మీ ఒంటికి ఏది పడుతుందో నాకన్నా ఆ యంత్రం బాగా చెబుతుంది.

ఉలవల గురించి ఎవరూ అడగరు, అడిగి ఉంటే బాగుండేది. ఉడికించిన ఉలవలు గుగ్గిళ్ళుగా తింటే పీచు, మాంసకృత్తులు రెండూ దొరుకుతాయి, షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. చారు ఒక్కటే తాగి గింజలు పశువులకు వేయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఈసారి గింజలు మీరు తినండి.

చద్దన్నం, తరవాణి తినవచ్చా?

తినవచ్చు. వండిన అన్నం చల్లారాక అందులోని పిండిలో కొంత భాగం తేలిగ్గా అరగని రూపంలోకి మారుతుంది. ఆ లాభం చిన్నదే. పళ్ళెం నిండా చద్దన్నం పెట్టుకుంటే ఆ లాభమంతా నీళ్ళపాలు. నంజుకునే ఊరగాయ ముక్కలో ఉన్న ఉప్పును కూడా లెక్కలో వేసుకోండి.

పసుపు, మెంతులు, కాకర రసం, సంతలో అమ్మే షుగర్ పొడులు?

పసుపులోని కుర్కుమిన్‌కు ప్రయోగశాలలో వాపును తగ్గించే గుణం కనిపించింది. మనుషుల్లో చేసిన చిన్న చిన్న ప్రయోగాల్లో కూడా కొంత మేలు కనబడింది. చిక్కేమిటంటే అది పేగుల్లోంచి రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. కూరలో వేసే పసుపు కూరకు మంచిదే, దాన్ని మందుగా లెక్కించకండి. రక్తం పలచబడే మందులు వాడేవారు కుర్కుమిన్ గుళికలు సొంతంగా మొదలుపెట్టవద్దు. మెంతుల్లోని జిగురు పీచు తిన్న తర్వాత పెరిగే షుగర్‌ను కొంత తగ్గిస్తుంది. కాకర రసం తాగుతూ మాత్రలు కూడా వేసుకునేవారిలో షుగర్ పడిపోయే అవకాశం ఉంది, జాగ్రత్త.

అసలు భయం పేరూ ఊరూ లేని పొడుల గురించి. సీసా మీద తయారీదారు పేరు ఉండదు, ఏమేమి కలిపారో ఉండదు. ఇలాంటి "మూలికా" పొడుల్లో అల్లోపతి షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు నూరి కలిపిన ఉదాహరణలు దేశదేశాల్లో బయటపడ్డాయి. మూడు రోజుల్లో మోకాలి నొప్పి మాయమైందంటే అది మూలిక మహిమ అనుకునే ముందు స్టెరాయిడ్ అని అనుమానించండి. స్టెరాయిడ్ నొప్పిని అణచి షుగర్‌ను, బీపీని పైకి తోసేస్తుంది.

ఏ నూనె వాడాలి? పలాస జీడిపప్పు తినవచ్చా?

వేరుశెనగ, నువ్వులు, తవుడు, పొద్దుతిరుగుడు నూనెల్లో ఏదైనా సరే, మార్చి మార్చి వాడుకుంటే చాలు. ఏ నూనె అన్నదానికన్నా ఎంత, ఎన్నిసార్లు కాచింది అన్నవి పెద్ద ప్రశ్నలు. ఒకే నూనెను పొగ వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కాస్తే అందులో రక్తనాళాలకు పడని పదార్థాలు పెరుగుతాయి. నూనెలో ఇలాంటి పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన పెట్టింది. బస్టాండు పక్కన బజ్జీల మూకుడులో నల్లగా, చిక్కగా, బుడగలు ఆరకుండా ఉన్న నూనెను చూశారంటే ఆ నిబంధన సంగతి మీకే తెలుస్తుంది. మూకుడు వైపు ఒక్క చూపు చూసి తర్వాత బజ్జీ అడగండి.

జీడిపప్పు తినవచ్చు. రోజుకు గుప్పెడు, అంటే 30 గ్రాములు మించకుండా, ఉప్పు, కారం, నేతి వేపుడు లేకుండా. బిస్కట్లకు, మిక్చర్‌కు బదులుగా తింటేనే మేలు. వాటికి తోడుగా తింటే పొట్ట చుట్టుకొలత పెరుగుతుంది. ఉద్దానంలో ప్రతి కూరలోనూ కొబ్బరి పడుతుంది. పచ్చికొబ్బరి కొద్దిగా ఫరవాలేదు, కొబ్బరినూనెను రోజూ వంటనూనెగా మాత్రం పెట్టుకోవద్దు, దాంట్లో సంతృప్త కొవ్వు ఎక్కువ.

చేపలు?

వారానికి రెండుసార్లు తినండి. ఖరీదైన వంజరమే కావాలని లేదు. కవళ్ళు, కానాగంతలు లాంటి చవక చేపల్లోనే ఒమేగా-3 కొవ్వులు బాగా ఉంటాయి. పులుసుగా వండుకోండి, వేపుడుగా కాదు. ఎండు చేపల దగ్గర మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోవాలి. రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే ఒక చిన్న చెంచా. ఎండు నెత్తళ్ళ కూర, ఆవకాయ, అప్పడం కలిసిన భోజనంలో అది ఒక్క పూటలోనే దాటిపోతుంది. మానలేకపోతే నెలకో రెండు నెలలకో ఒకసారి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వండుకోండి.

మా అమ్మకు అడ్డపొగ అలవాటు. ఈ వయసులో మాన్పించడం అవసరమా?

అవసరం. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే ఈ అలవాటు మన ఉత్తరాంధ్ర తీరంలోనే ప్రత్యేకంగా కనబడుతుంది, అదీ పెద్ద వయసు ఆడవారిలో ఎక్కువ. అంగిలి క్యాన్సర్ సంగతి చాలామందికి తెలుసు. రక్తనాళాల సంగతి తెలియదు. పొగాకు పొగ నాళాల లోపలి పొరను నేరుగా దెబ్బతీస్తుంది, రక్తాన్ని చిక్కబరుస్తుంది. షుగర్, పొగ రెండూ కలిసినచోట కాలి వేళ్ళు నల్లబడటం కొత్త కాదు. "నోట్లోనే కదా, ఊపిరితిత్తుల్లోకి పీల్చను" అంటారు. నికోటిన్ నోటి పొరలోంచే రక్తంలోకి చేరుతుంది, ఖైనీ, గుట్కా కూడా అంతే.

మానేసిన ఏడాదిలో గుండెపోటు ముప్పు చెప్పుకోదగ్గంతగా తగ్గుతుంది. డెబ్బై ఏళ్ళ వయసులో మానినా లాభమే. ఇంట్లోవారు దెబ్బలాడితే పెరటి వెనకకు వెళ్ళి కాలుస్తారు తప్ప మానరు. ఉదయం లేవగానే, భోజనమయ్యాక, ఈ రెండు వేళలు ముందు పట్టుకోండి. ఆ సమయానికి చేతికి వేరే పని, నోటికి సోంపో, లవంగమో ఉండేలా చూడండి. కష్టంగా ఉంటే నికోటిన్ గమ్, మందులు ఉన్నాయి. వైద్యుడిని అడగడానికి మొహమాటపడకండి.

చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. దీనికీ షుగర్‌కూ సంబంధం ఉందా?

రెండు వైపులా ఉంది. షుగర్ చిగుళ్ళను పాడుచేస్తుంది, చిగుళ్ళ వాపు షుగర్‌ను పెంచుతుంది. పంటి డాక్టరు దగ్గర చిగుళ్ళు లోపలిదాకా శుభ్రం చేయించుకున్నవారిలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ అంకె, సుమారు 0.4 శాతం తగ్గినట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. ఒక చిన్న మాత్ర వేసుకుంటే వచ్చే ఫలితానికి ఇది దగ్గరగా ఉంది. పళ్ళు తోమడం ఉదయం ఒక్కసారే కాదు, రాత్రి పడుకునే ముందు కూడా.

మోకాళ్ళ నొప్పికి వాడే మాత్రలు వాపును తగ్గిస్తాయి కదా. అవి వేసుకుంటే ఈ ఇన్‌ఫ్లమేషన్ తగ్గదా?

తెలివైన ప్రశ్నే, కానీ జవాబు తగ్గదు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి నాళాల గోడల్లోని వాపును మాన్పవు. పైగా బీపీని పెంచుతాయి, కిడ్నీకి రక్తాన్ని తగ్గిస్తాయి, గుండెపోటు ముప్పును పెంచుతాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వారు ఈ మాట రెండుసార్లు చదవాలి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు షుగర్ కారణం కాదు, షుగర్ లేనివారికే ఎందరికో వచ్చింది. అలాంటి చోట షుగర్ కూడా ఉన్న మనిషి, ఎండలో పని చేసి నీళ్ళు సరిగా తాగకుండా, రోజూ మందుల షాపులో నొప్పి మాత్ర కొనుక్కుంటే కిడ్నీ ఎన్ని వైపుల నుంచి దెబ్బ కాచుకోవాలి? నొప్పికి పారాసిటమాల్, వేడి కాపడం, తొడ కండరాల వ్యాయామం ముందు. ఆరునెలలకోసారి క్రియాటినిన్ చూపించుకోండి. పలాసలో 2023 డిసెంబరు నుంచి కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి, మునుపటిలా ప్రతిదానికీ విశాఖపట్నం బస్సెక్కే పని లేదు.

నేరుగా నాళాల వాపు మీద పనిచేసే మందుల కోసం వెతుకులాట మాత్రం సాగుతోంది. 2017లో కనాకినుమాబ్ అనే ఇంజెక్షన్‌తో గుండెపోటు లాంటివి 15 శాతం తగ్గాయి, కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు వాడే పాత మందు కోల్చిసిన్‌ను రోజుకు 0.5 మిల్లీగ్రాములు ఇస్తే, గుండె నాళాల జబ్బు ఉన్నవారిలో ప్రమాదాలు 31 శాతం తగ్గినట్టు 2020లో తేలింది. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి అది విషమవుతుంది, కాబట్టి గుండె వైద్యుడు రాస్తే తప్ప దాని జోలికి పోవద్దు.

కొలెస్ట్రాల్ నార్మల్ అని వచ్చింది, అయినా స్టాటిన్ రాశారు. ఎందుకు?

ప్రయోగశాల కాగితం మీద "నార్మల్" అన్నది షుగర్ లేనివారి లెక్క. 2004లో వెలువడిన కార్డ్స్ అధ్యయనంలో, కొలెస్ట్రాల్ పెద్దగా ఎక్కువ లేని షుగర్ రోగులకు అటార్వాస్టాటిన్ 10 మిల్లీగ్రాములు ఇస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి 37 శాతం తగ్గాయి. స్టాటిన్ కొలెస్ట్రాల్‌తో పాటు సీఆర్‌పీని కూడా తగ్గిస్తుంది. అంటే లోపలి వాపుకు బాగా పరీక్షకు నిలిచిన మాత్ర ఇప్పటికే మీ చీటీలో ఉంది. షుగర్‌ను కొద్దిగా పెంచుతుందన్నది నిజమే, దానికన్నా మేలు చాలా ఎక్కువ. కండరాల నొప్పులు వస్తే చెప్పండి, మోతాదు మార్చవచ్చు, మందు మార్చవచ్చు. పక్కింటివారి మాట విని ఆపేయడం మాత్రం వద్దు.

రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలా?

గుండెపోటు, స్టెంట్, పక్షవాతం అయినవారు వైద్యుడు చెప్పినట్టు వేసుకోవాలి. ఏమీ కానివారు సొంతంగా మొదలుపెట్టవద్దు. 2018 నాటి అసెండ్ అధ్యయనంలో షుగర్ రోగులకు ఆస్పిరిన్ వల్ల గుండెపోటు, పక్షవాతం లాంటివి 12 శాతం తగ్గితే, పెద్ద రక్తస్రావాలు 29 శాతం పెరిగాయి.

కొత్త షుగర్ మాత్రలు గుండెను కూడా కాపాడతాయంటున్నారు. మాలాంటివారికి అందుబాటులో ఉన్నాయా?

ఉన్నాయి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ అనేవి ఎక్కువైన షుగర్‌ను మూత్రంలో పంపేస్తాయి. 2015లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, గుండె జబ్బు ఉన్న షుగర్ రోగుల్లో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె సంబంధిత మరణాలను 38 శాతం తగ్గించింది. కిడ్నీకి కూడా మంచిది. 2025 మార్చిలో దాని పేటెంట్ గడువు ముగియడంతో మన దేశంలో ధర బాగా దిగివచ్చింది. ఖరీదని రెండేళ్ళ కిందట ఆపేసి ఉంటే మళ్ళీ అడిగి చూడండి.

రెండు జాగ్రత్తలు. మూత్రంలో తీపి పోతుంది కాబట్టి ఆ చోట దురద, బూజు ఇన్‌ఫెక్షన్ రావచ్చు, నీళ్ళతో శుభ్రం చేసుకోవాలి. కార్తీక సోమవారం నీళ్ళు కూడా ముట్టని ఉపవాసం చేసే రోజున, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున, ఆపరేషన్‌కు ముందు ఈ మాత్ర ఆపాలి. లేకపోతే షుగర్ మామూలుగా కనబడుతూనే ఒంట్లో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఉపవాసం ఉంటున్నామని వైద్యుడికి చెప్పడం తప్పేమీ కాదు.

పాదాలకు ఏమీ అనిపించట్లేదు. అది మంచిదే కదా?

అదే ప్రమాదం. అరసవల్లిలో ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నం చూడండి. అందరూ ప్రదక్షిణ దారిలో రాళ్ళ మీద గబగబా అడుగులేస్తుంటే, ఒకరిద్దరు మాత్రం నింపాదిగా నడుస్తూ ఉంటారు. భక్తే అయి ఉండవచ్చు, పాదాల్లో స్పర్శ పోయి ఉండటమూ కావచ్చు. సాయంత్రానికి అరికాలి మీద బొబ్బ, వారానికి చీము. విజయనగరంలో సిరిమాను నాడు జనం మధ్య చెప్పుల్లేకుండా నిలబడేవారికీ ఇదే మాట. గుడి లోపలికి చెప్పులు వద్దు, నిజమే. మందపాటి నూలు మేజోళ్ళు వేసుకుని, పొద్దున్నే ఎండెక్కక ముందు వెళ్ళి వస్తే దేవుడికి అభ్యంతరం ఉండదు.

ఆసుపత్రిలో పాదానికి చేసే పరీక్ష సులువు. కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగును బొటనవేలి కింద, అరికాలి ముందు భాగంలో ఆనిస్తారు. పోగు వంగేదాకా నొక్కుతారు, ఆ ఒత్తిడి 10 గ్రాములు. తగిలినప్పుడల్లా "ఊఁ" అనాలి. చాలామంది తగలక ముందే అంటారు, తగిలాక ఊరుకుంటారు. తర్వాత పాదం మీద, చీలమండ వెనక వేళ్ళు ఆనించి నాడి చూస్తారు. నాడి దొరక్కపోతే చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో పోలుస్తారు. ఆ నిష్పత్తి 0.9 కన్నా తక్కువైతే కాలి నాళాలు సన్నబడ్డాయి. షుగర్ ముదిరినవారిలో నాళాలు సున్నం పట్టి గట్టిపడి అంకె 1.3 దాటి తప్పుగా బాగున్నట్టు చూపవచ్చు, అది గమనించాలి. కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి, నిలబడగానే తగ్గుతూ ఉంటే వాతం అని తీసిపారేయకండి.

ఇంట్లో రోజూ రాత్రి పాదాలు చూసుకోండి, అరికాలు కనిపించకపోతే నేల మీద అద్దం పెట్టుకోండి. ఆనెకాయలను బ్లేడుతో కోయవద్దు.

నడక ఎప్పుడు మంచిది?

వారానికి 150 నిమిషాలు అన్నది అందరికీ తెలిసిన లెక్క. తెలియనిది, భోజనం తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే షుగర్ ఆ పూటకు ఆ పూట తగ్గుతుందని. పొలం పని చేస్తాను కదా అంటారు. నాట్లు, కోతల రోజుల్లో సరే. మిగతా నెలల్లో రచ్చబండ మీద కూర్చునే గంటలు కూడా చెప్పండి. పాదంలో పుండు ఉంటే నడక ఆపి ముందు చూపించుకోండి.

రాత్రి డ్యూటీలు చేస్తాను. ఏమైనా తేడా ఉంటుందా?

ఉంటుంది. నిద్ర చెదిరితే ఇన్సులిన్ పని మందగిస్తుంది, బీపీ పెరుగుతుంది. పైడిభీమవరం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవారు పగలైనా చీకటి గదిలో ఏడు గంటలు పడుకోవాలి, అర్ధరాత్రి పూట అన్నం బదులు తేలికగా తినాలి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవారు చెబితే దాన్ని జోకుగా తీసుకోకండి.

ఈ పరీక్షలన్నీ ఎక్కడ, ఎంత ఖర్చు?

ముప్పై ఏళ్ళు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఉచితం. మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రలు కూడా అక్కడే ఇస్తారు. జన ఔషధి దుకాణాల్లో స్టాటిన్లు చవక. కంటి వెనక పొరను ఏడాదికోసారి చూపించుకోండి. ఒంట్లో రక్తనాళాలను కోయకుండా కళ్ళారా చూడగలిగే చోటు అదొక్కటే. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా గురించి ఒకసారి అడగండి. పెద్ద జ్వరం వచ్చి తగ్గిన వారాల్లో గుండెపోట్లు పెరుగుతాయి.

గుండెపోటు వస్తే నొప్పి తెలుస్తుంది కదా?

షుగర్ ఉన్నవారికి తెలియకపోవచ్చు. నరాలు మొద్దుబారి ఉంటాయి. గుండెల్లో నొప్పి లేకుండా ఉన్నట్టుండి చెమటలు, ఆయాసం, వాంతి, దవడలోనో ఎడమ చేతిలోనో లాగుడు, చెప్పలేని నీరసం మాత్రమే ఉండవచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగుతూ తెల్లవారేదాకా కూర్చోవద్దు, ఈసీజీ తీయించండి. మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకోండి. గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. 108కి ఫోను చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళమనండి. నోట్లో నీళ్ళు, మాత్రలు పోయవద్దు. రోజూ వాడే మందుల చీటీ వెంట పెట్టుకోండి.